మా యింటి ముచ్చటలు: అడుగులకు అరిసెలు, పలుకులకు చిలుకలు



మన పూర్వస్త్రీలు బిడ్డ యెదుగుదలకు ఒక పంచాంగమును కల్పించిరి. అందు తిథివారనక్షత్రములు లేవు, ఉన్నవెల్ల పిండివంటలే. బిడ్డ బోర్లపడినచో బొబ్బట్లు, నవ్వినచో నువ్వుండలు, గడప దాటినచో గారెలు, అడుగులు వేసినచో అరిసెలు, పలుకులు వచ్చినచో పంచదార చిలుకలు. ఈ వరుస సీమకొక తీరుగను, ఇంటికొక తీరుగను మాఱుచుండును. కొందఱు బొబ్బట్లకు మాఱుగా బూరెలు పంచుదురు. ఏది పంచినను మొదటి యక్షరము కలియవలయును, ఇరుగుపొరుగువారికి అందవలయును. అదియే దాని శాస్త్రము.

ఈ పంచాంగమున మాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు. ఇందు ఏ వేడుకకును నెల నిర్ణయింపబడలేదు. పదియవ నెలలో అరిసెలని గాని, పండ్రెండవ నెలలో చిలుకలని గాని యెవ్వరును చెప్పియుండలేదు. బిడ్డ నడచిన పిమ్మటనే బియ్యము నానబోయుట. వంట బిడ్డకొఱకు వేచియుండును గాని, బిడ్డ వంటకొఱకు పరుగెత్తదు. ఈ నెల మన ముచ్చట ఆ వేచియుండుటను గూర్చి. వేచియుండరాని చోటులను గూర్చియు.

మా చిన్నదానికి ఈ మాసముతో పదునెనిమిది నెలలు నిండినవి. అది అడుగులు వేసినది పదునైదవ నెలలో. అంతకుముందు రెండు మూడు నెలలు మా యింట నడచిన సంభాషణములు మీ యిండ్లలో వినబడనివి కావు. మా ఆడుబిడ్డగారి కుమారుడు పదియవ నెలలోనే వీథిగుమ్మము దాటినాడట. ఆ వార్త మా అత్తగారి నోట వారమునకు రెండు మాఱులైనను వచ్చుచుండెను. పొరుగింటి పిన్నిగారు పిల్ల మోకాళ్లు తడవి చూచి, "బొద్దుగా ఉంది కదమ్మా, బరువుకు ఆగలేకపోతోందేమో" అనిరి. వేఱొకరు, "ఎప్పుడూ చంకనుంటే కాళ్లెలా వస్తాయి?" అనిరి. పట్టణమున నున్న బంధువులు, పిల్లను నడుమ కూర్చుండబెట్టు చక్రముల వాకరును కొనిపంపెదమని కబురు చేసిరి.

మా వారు బడిపంతులు గనుక లెక్క చూపనిదే యే మాటయు నమ్మరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 వ సంవత్సరమున ప్రకటించిన పట్టికను వారే యొకనాటి సాయంకాలము వరండాలో కూర్చుండి అందఱకును చదివి వినిపించిరి. ఘనా, భారతదేశము, నార్వే, ఒమాను, అమెరికా అను నైదు దేశములలో 816 మంది ఆరోగ్యవంతులగు శిశువులను నాలుగవ నెల మొదలు చూచి వ్రాసిన పట్టిక యది. మన దేశమున ఆ పరిశీలన దక్షిణ ఢిల్లీలో జరిగినది. దాని ప్రకారము, ఆసరా లేక కూర్చుండుట కొందఱికి నాలుగవ నెల నిండకమునుపే వచ్చును, కొందఱికి తొమ్మిది నెలలు దాటిన పిమ్మట వచ్చును. పట్టు లేక నడచుట కొందఱికి ఎనిమిది నెలలు నిండగనే, మఱికొందఱికి పదునేడున్నర నెలల వఱకు. ఈ నడుమ నెప్పుడు వచ్చినను అది సహజమే. నూటికి నలుగురు పిల్లలు మోకాళ్లపై ప్రాకనే లేదట.

మా అత్తగారు అంతయు విని, "అయితే ఢిల్లీ పిల్లలూ ఇంతేనన్నమాట" అనిరి. మఱునాటినుండి మనుమరాలిని మేనల్లునితో పోల్చుట మానివేసిరి. చక్రముల వాకరు మాత్రము వలదని మేము బంధువులకు వ్రాసితిమి. అది నడకను త్వరగా తేదు సరిగదా, బిడ్డను మెట్లమీదికిని పొయ్యి దగ్గఱకును క్షణములో కొనిపోవును. కెనడా దేశమున 2004 వ సంవత్సరము మొదలు దాని యమ్మకమునే నిషేధించిరి. మన వడ్రంగులు చేయు మూడుచక్రముల కొయ్యబండి వేఱు. దానిని బిడ్డ తన కాళ్లపై తాను నిలిచి త్రోసికొని పోవును. మా యింట అటకపై నున్న పాతబండిని దించి, చీలలు బిగించి యిచ్చితిమి.

ఆ పిమ్మట నేమి జరిగినదో తల్లులకు వేఱుగ చెప్పనక్కరలేదు. మొదట మంచపుకోడు పట్టుకొని లేచి నిలుచుట. పిదప మంచము చుట్టు ప్రదక్షిణము. పిదప గోడ వెంబడి పీతవలె ప్రక్కకు నడచుట. ఒకనాటి యుదయమున వరండా స్తంభమును పట్టుకొని నిలిచి, నాయనమ్మ కూరలు తరుగుచుండగా చూచి, ఎవ్వరును పిలువకయే స్తంభమును వదలి మూడడుగులు వేసి ఆమె వీపుపై వ్రాలినది. ఆ మూడడుగులకు అరిసెలు నాలుగు దినములలో సిద్ధమైనవి. పళ్లెమున వరుసగా పేర్చిన అరిసెలపై దానిని నడిపింపగా, రెండింటిపై నడచి మూడవదానిపై కూర్చుండి తినుట కారంభించినది.

వచ్చిన చుట్టములలో నొకరు, "ఆడపిల్ల నడకకు ఇంత హడావుడా?" అని నవ్విరి. మా అత్తగారు పళ్లెము వారి ముందుంచి, "అరిసెకు తెలుసా ఆడపిల్లో మగపిల్లాడో? తినండి" అనిరి. ఆ మాటను మీ కందఱకును చేరవేయవలెనని మా కోరిక. మగబిడ్డ బోర్లపడినచో వీథియంతయు తెలియుటయు, ఆడుబిడ్డ పలికినచో వంటయింటిలోనే ముగియుటయు ఇంకను కొన్ని యిండ్ల కలదు. వేడుక చిన్నదే కావచ్చును. కాని తన యెదుగుదల ఎవరికి సంతోషమో, ఎవరికి కాదో బిడ్డ మన ముఖములందే చదువుకొనును.

అవును, చదువుకొనును. ఇది మేము దినదినము చూచుచున్న సంగతి. పడిన వెంటనే మా చిన్నది యేడ్వదు. ముందు మా వంక చూచును. మేము "అయ్యో" అన్నచో ఏడ్చును. "లే, లే" అని నవ్వినచో తానును నవ్వి లేచును. దెబ్బ యెంతో తేల్చుకొనుటకు తల్లి ముఖమే దానికి కొలబద్ద. ఇక పడుటలు కొన్ని కావు. న్యూయార్కు విశ్వవిద్యాలయమున కేరెన్ అడాల్ఫ్ అను విదుషి తన సహచరులతో కలిసి 2012 లో ప్రకటించిన పరిశీలనలో, పండ్రెండు మొదలు పందొమ్మిది నెలల పిల్లలు ఆడుకొనునపుడు గంటకు సగటున 2368 అడుగులు వేసి 17 మాఱులు పడుదురని తేలినది. సంగీతపాఠమున ఒక్క స్వరము తప్పినచో సిగ్గుపడి పుస్తకము మూయు పెద్దలము మనము. గంటకు పదునేడు మాఱులు పడియు సిగ్గెఱుగక లేచు గురువు మన యింటనే తిరుగుచున్నాడు.

నడక తరువాత పలుకు. చిన్నపిల్లలకై మన భాషలో వేఱుగ నొక నిఘంటువే కలదు: బువ్వ, లాల, జేజ, బజ్జో, బూచి. చదువుకొన్నవారు కొందఱు ఇట్టి మాటలు పలికినచో పిల్లల భాష చెడునని శంకింతురు. అట్టి భయ మక్కరలేదు. పెద్దలు గొంతు హెచ్చించి, సాగదీసి, పలికినదే మరల మరల పలుకుచుండగా శిశువు చెవి దానివైపు తిరుగునని పండితులును కనుగొనిరి. తల్లులు ఏ పండితుని అడుగకయే ఇది చేయుచు వచ్చిరి. ఐనను బువ్వతో పాటు అన్నము, పప్పు, నేయి అను మాటలును వినిపించుచుండవలయును. ఏలయన బిడ్డ పలుకునది కొంచెము, గ్రహించునది యెంతయో. మా చిన్నది పలుకునవి పదునాలుగు మాటలు. కాని "నాన్న చెప్పులు తీసికొని రా" అన్నచో తెచ్చును. "ఒక్కటే తెచ్చితివే" అన్నచో రెండవదానికై మరల పోవును.

ఆ పదునాలుగు మాటలతోనే అది లోకము నంతయు నిర్వహించుచున్నది. నెరసిన తల యున్న ప్రతివాడును తాత. ఎగురునది యెల్ల కాకి. నిన్నటి దినమున విమానము కూడ కాకియే. మొదట కుక్కను "బౌ" అనినది, పిదప మేకను, ఎనుబోతును సైతము "బౌ" అనినది. ఇది తెలియమి కాదు, తెలివి. నాలుగు కాళ్లు, తోక గలవాని నన్నిటిని ఒక గూటిలోనికి చేర్చినది. వయసు పెరిగినకొలది ఆ గూడును తానే విడదీసికొనును. మనము చేయవలసినదెల్ల, దానిని గద్దింపక, "అవును, మేక, చూడు, గడ్డి తినుచున్నది" అని సరియైన పేరును మాటలో కలిపి యందించుటయే.

పలుకుకంటె ముందు వచ్చు భాష యొకటి కలదు; దానిని మనము తఱచు గమనింపము. అది చూపుడువ్రేలు. ఇంచుమించు ఏడాది వయసున బిడ్డ వ్రేలు చాచి చూపుట కారంభించును. అరటిపండును చూపినచో అది కోరుట. చంద్రుని చూపి, వెంటనే మన ముఖము వంక చూచినచో అది కోరుట కాదు. "నేను చూచినదానిని నీవును చూడుము" అని పంచుకొనుట. ఒకరి మనస్సు వేఱొకరి మనస్సును పిలుచుటకు ఇది మొదటి మెట్టు. అపుడు తల్లి చేతిపనిని ఒక్క నిమిషమాపి ఆ వ్రేలి వెంబడి చూచినచో ఆ పిలుపునకు బదులు దొరకినట్లు.

అద్దము ముచ్చట యొకటి చెప్పెదము. మీరును చేసి చూడుడు. 1972 వ సంవత్సరమున బ్యూలా ఆమ్‌స్టర్‌డాం అను నమెరికా విదుషి, పిల్లల ముక్కుపై వారెఱుగకుండ ఎఱ్ఱరంగు పూసి అద్దము ముందుంచి చూచినది. చిన్నపిల్లలు అద్దములోని బిడ్డతో ఆడుకొనిరి. ఒకటిన్నర యేడు దాటిన పిమ్మట చాలమంది తమ ముక్కునే తడవుకొనిరి. అద్దములో నున్నది తానే యని తెలియుట కది గుర్తు. మన యిండ్లలో కుంకుమభరిణ యెల్లపుడును చేతికందునదే. మొగము తుడుచు నెపమున మా చిన్నదాని ముక్కుకొనపై బొట్టు పెట్టితిమి. రెండు నెలల క్రిందట అద్దమును గోకినది. మొన్నటి ఆదివారము అద్దమును చూచి, తన ముక్కును తడవి, వ్రేలి నెఱ్ఱదనమును చూచి, మా కందఱకును చూపి నవ్వినది. ఆ దినమునుండి మా యింట "నేను" అను నొక మనుష్యురాలు అదనముగ నున్నది.

శాకుంతలమున ఏడవ యంకమునందు దుష్యంతుడు సింహపుపిల్లతో పెనగులాడు సర్వదమనుని చూచి, వాడు తన కొడుకని యెఱుగకమునుపే కరగిపోవును. ఆ ఘట్టమును చదివినపుడెల్ల మాకొక తలంపు వచ్చును. అతడు చక్రవర్తి. కాని తన కుమారుని మొదటి యడుగు నతడు చూడలేదు, మొదటి పలుకు వినలేదు. రాజ్యమంతయు నిచ్చినను ఆ దినములు తిరిగిరావు. తెల్లవాఱకమునుపే పనికి పోయి, బిడ్డ నిద్రించిన పిమ్మట వచ్చు తండ్రులు మన కాలమున ననేకులు. వారికి రాత్రి భోజనమువేళ, ఈ దినము బిడ్డ యేమి నేర్చినదో ఒక్క మాట చెప్పుడు. సెలవుదినమున బువ్వ తినిపించు పని వారికే విడువుడు.

పురాణముల మాట వచ్చినది గనుక జాగ్రత్త యొకటి. యశోదాదేవి మన్ను తినిన బాలుని నోరు తెఱపింపగా బ్రహ్మాండము కనబడెను. మనకు కనబడునవి గుండీలు, గవ్వలు, వేరుసెనగ గింజలు. ఈ వయసున బిడ్డకు నోరే పరిశోధనాలయము. గట్టి గింజలను ఐదేండ్లు నిండువఱకు గింజలుగ నీయరాదు, పొడిగొట్టి యీయవచ్చును. గడియారములలోను, ఆటబొమ్మలలోను ఉండు చిన్న బిళ్ళ బ్యాటరీ మిక్కిలి ప్రమాదకరము. అది గొంతునందు చిక్కినచో కొన్ని గంటలలోనే లోపలి కండ కాలిపోవును. మ్రింగినదని యనుమానము కలిగినను క్షణమాలసింపక ఆసుపత్రికి కొనిపోవలయును.

ఇక వేచియుండరాని చోటు. మా దూరపు బంధువులలో నొక యిల్లాలి కొమరుడు ముద్దులమూట. పదునాలుగు నెలలకే పరుగెత్తెను. ఎవరు నవ్వినను నవ్వును. కాని మాట లేదు. ఇంటివా రందఱును, "మగపిల్లలకు మాటలు ఆలస్యం, వాడి తండ్రికీ మూడేళ్లకే వచ్చినవి" అని ధైర్యము చెప్పిరి. తల్లికి మాత్రము మనస్సు కుదుటపడలేదు. వెనుకనుండి పిలిచినచో వాడు తిరుగడు. ఇత్తడిబిందె జాఱి పడినను ఉలుకడు. ముఖము చూపినచో మాత్రము వెంటనే నవ్వును. ఆమె పది దినములు ఏ చప్పుడునకు తిరిగెనో, దేనికి తిరుగలేదో తేదీలతో నొక పుస్తకమున వ్రాసెను. దానిని తీసికొని అంగన్వాడీ కార్యకర్తను కలిసికొనెను. ఆమె జిల్లా ఆసుపత్రికి పంపెను. అచట బిడ్డ నిద్రించుచుండగనే, నొప్పి యేమియు లేకుండ, తలపై తీగలంటించి పరీక్షించిరి. రెండు చెవులకును వినికిడి చాల తక్కువ.

ఆ రాత్రి ఆ యింట నెవ్వరును భోజనము చేయలేదట. కాని నెల తిరుగకుండ చెవులకు యంత్రము లమర్చిరి. మాటలు నేర్పు శిక్షణము మొదలైనది. రెండవ యేడు దాటిన ఏడు నెలలకు వాడు వంటయింటి గుమ్మమున నిలిచి "అమ్మ" అనినాడు. ఆమె చేతిలోని గరిట అట్లే యుంచి వచ్చి వాని నెత్తుకొనినదట. ఊరంతయు పంచదార చిలుకలు పంచిరి. మాకును పొట్లము వచ్చినది. ఆ తల్లి మూడేండ్లవఱకు వేచియుండినచో ఆ చిలుకలు ఎప్పటికి వచ్చియుండెడివో! చెవికి మాట చేరనిదే నాలుకకు మాట రాదు. తొలి యేండ్లు వినికిడి లేక గడచినకొలది ఆ లోటును పూరించుట కష్టమగును.

కావున ఈ క్రింది గుర్తులను ప్రతి తల్లియు జ్ఞాపకముంచుకొనవలయును. పేరు పెట్టి పిలిచినను తిరుగకుండుట. ఏడాది నిండినను అక్షరములను గుణించుచు ఊసులాడకుండుట. పదునెనిమిది నెలలు నిండినను నడువకుండుట, వ్రేలితో చూపకుండుట, ఒక్క మాటయు రాకుండుట. రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకకుండుట. ఏ వయసుననైనను వచ్చిన మాటయో నేర్చిన పనియో మరల పోవుట. ఇందేది యున్నను బిడ్డకు లోపమున్నదని యర్థము కాదు. అడిగి తెలిసికొనవలయునని యర్థము. మన దేశమున 1975 అక్టోబరు 2 వ తేదీన మొదలైన అంగన్వాడీలు నేడు ఊరూర నున్నవి. 2013 లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పదునెనిమిదేండ్లవఱకు పిల్లలకు ఉచితముగ పరీక్షలును చికిత్సయు కలవు. గర్భవతిగ నున్నపుడు మీకిచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డును తెఱచి చూడుడు. ఏ వయసున ఏమి రావలయునో అందు బొమ్మలతో నున్నది.

సెల్‌ఫోను మాట చెప్పక ముగించుట తగదు. దానిని చేతికిచ్చినచో బిడ్డ నోరు తెఱచును, ముద్ద లోనికి పోవును, నిజమే. కాని ఏమి తినినదో దానికి తెలియదు, ఎవరు తినిపించిరో చూడదు. రెండేండ్లలోపు పిల్లలకు తెర చూపనే రాదని భారత బాలల వైద్యుల సంఘము 2021 లో సూచించినది. దూరమున నున్న బంధువులతో అపుడపుడు ముఖాముఖి మాటలాడించుట మాత్రము అందులకు మినహాయింపు. కావున పరదేశమున నున్న తాతగారిని చూపింపుడు. బువ్వకు మాత్రము చంద్రుని, కాకిని, పెరటిలోని జామచెట్టును చూపింపుడు. వానికి కరెంటు బిల్లు లేదు.

చివరకొక విన్నపము. డార్విన్ అను మహాశాస్త్రజ్ఞుడు, 1839 లో పుట్టిన తన తొలి కుమారుడు ఎప్పుడు నవ్వెనో, ఎప్పుడు కోపించెనో, అద్దమును చూచి యేమి చేసెనో వ్రాసికొని, ముప్పదియేడేండ్ల పిమ్మట, 1877 లో, ఒక పత్రికలో ప్రకటించెను. అది నేటికిని పండితులు చదువుచున్నారు. అతడు చూచినది మనమును దినదినము చూచుచున్నాము, వ్రాయుటయే తక్కువ. బడికి పోవు పెద్దపిల్లల నోటుపుస్తకములలో మిగిలిన కాగితములు చాలును. తేదీ వేసి, వారమునకు రెండు పంక్తులు వ్రాయుడు: ఈ దినము గడప తానే దాటినది, ఈ దినము "వద్దు" అనినది, ఈ దినము పడిన తమ్ముని ఓదార్చినది. వైద్యుడు అడిగినపుడు అది సాక్ష్యమగును. బిడ్డ పెద్దదై తన బిడ్డ నెత్తుకొనినపుడు అది పుట్టింటి సారెలో పెట్టవలసిన వస్తువగును. పోల్చుటకు పొరుగింటి బిడ్డ అక్కరలేదు. నిన్నటి పంక్తి యున్నది.

మీ యిండ్ల పిల్లలు ఏ వంటకు ఏ నెలలో తొందరపెట్టిరో, ఏ సీమలో ఏ అక్షరమునకు ఏ పిండివంటయో వ్రాసి పంపుడు. ప్రాకినచో ఏమి పంచుదురను ప్రశ్నకు మా యింట ఇద్దఱు ముసలమ్మలు రెండు జవాబులు చెప్పుచున్నారు. ఆ తగవును మీరే తీర్పవలయును.